తాలింపు గరిటెలో మూడు నూనెలు

మా నాయన గనిలో చివరి షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చిన రోజు ఆయన మెడలో చామంతి దండ, ఒక చేతిలో పండ్ల బుట్ట, ఇంకో చేతిలో నూనె డబ్బా ఉన్నాయి. దండ మరునాటికి వాడిపోయింది. పండ్లు మేం తినేశాం. నూనె డబ్బాను మాత్రం నాయన దేవుడి గూటి కింద పెట్టాడు. అమ్మ దాన్ని తీసి వరండాలో పెట్టింది. నాయన మళ్ళీ లోపలికి తెచ్చాడు. చివరికి అది తలుపు వెనక స్థిరపడింది. ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు.

నాయన పని భూమి లోపల రాతికి బెజ్జాలు పెట్టడం. గాలి ఒత్తిడితో దడదడలాడే డ్రిల్లు ఆయన మిషను. దానికి పోసే నూనే ఈ డబ్బాలోది. తోటి డ్రిల్లర్లు పైవాళ్ళను అడిగి, ఒప్పించి, కానుకగా ఇచ్చారు. బంగారం కోసం టిఫిను డబ్బా అడుగు కూడా తడిమి చూసే గేటు కాపలావాళ్ళు ఆ రోజు ఈ డబ్బాను చూసి నవ్వి వదిలేశారట. కోలారు బంగారు గనుల దగ్గర మా ఊరిగాం కార్మికుల ఇళ్ళ లైన్లలో ఆ నూనెకు ఉన్న మర్యాద బంగారానికి కూడా లేదని చెప్పాలి. తలుపు కిర్రుమంటే అదే, కుట్టు మిషను మొరాయిస్తే అదే, సైకిలు గొలుసుకు అదే. జామ్ మూత రాకపోతే కూడా ఎవరో ఒకరు "రవ్వంత మిషను నూనె ఉండాదా?" అని వచ్చేవాళ్ళు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్నట్టు, మాకు తెలిసిన ఒకే ఒక్క గొప్ప నూనె అది.

నేను అప్పుడు ఊరిగాంలోనే ఒక హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ముక్కు మీద కోపం అని నాకు పేరు. అది నిజం కాదని వాదించబోయి మరింత కోపం తెచ్చుకున్న సందర్భాలు ఉన్నాయి. గనులు సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయింది. లోపల బంగారం తగ్గిపోతోందని, వయసు మళ్ళినవాళ్ళను ముందుగానే పంపేస్తున్నారని అప్పటి మాట. నాయన అలా ముందుగా వచ్చేసినవాడే. సైరను మోగినప్పుడల్లా ఆయన మంచం మీద లేచి కూర్చునేవాడు. తర్వాత తను పోవలసిన పని లేదని గుర్తొచ్చి, లేచినందుకు ఏదో ఒక పని కావాలి కాబట్టి, బాగానే ఉన్న తలుపుకు నూనె పోసేవాడు. ఆ చలికాలానికి మా ఇంట్లో తలుపులు ముట్టుకుంటే చాలు, జారిపోయేవి.

అక్కను శ్రీనివాసపురం దగ్గర మామిడి తోట ఉన్న ఇంటికి ఇచ్చాం. బావ మంచివాడు. మనసులో కల్మషం లేదు, నోట్లో కటువు లేదు. ఉన్నదల్లా ఒక్క మాట: "కూకోండి మామా." నాయన తోటకు వెళ్ళగానే మంచం వాల్చేవాడు, ఎళనీరు బోండాం కొట్టి ఇచ్చేవాడు. నాయన పార అందుకోబోతే "మీకెందుకు మామా, కూకోండి" అని దాన్ని మెల్లగా లాక్కునేవాడు. ఒకసారి నవ్వుతూ, "భూమి కింద పని చేసినోళ్ళకి భూమి మీద పని యాడ వస్తాది మామా" అన్నాడు. అందరం నవ్వాం. నాయనా నవ్వాడు. కాని ఊరిగాంకు తిరిగి వచ్చే బస్సులో ఆయన దారి పొడవునా కాయలు కాసిన తన అరచేతులనే తడుముకుంటూ కూర్చున్నాడు. పని లేని మనిషికి మంచం వాల్చడం కూడా ఒక దెబ్బేనని ఆ రోజు నాకు అర్థమైంది.

ఆ ఏడు మామిడి మొగ్గ తొడిగే వేళకు బావ సెకండ్ హ్యాండులో మందు కొట్టే పెట్రోలు మిషను కొన్నాడు. వీపుకు తగిలించుకుంటే బుర్రుమని గాలి ఊది, మందును చెట్టు కొసదాకా పంపిస్తుంది. పూత విచ్చకముందే ఆ మందు పడాలి. లేకపోతే జిగి పురుగు వచ్చి పూత రసమంతా పీల్చేస్తుంది, ఆకుల నిండా జిగురు, ఆ జిగురు మీద నల్లటి మసి, ఇంక ఆ ఏటికి కాయ ఉండదు. మిషను అయితే వచ్చింది కాని, తాడు లాగితే అది వెనక్కి తన్నేది. బావ దానికి భయపడ్డాడు. అప్పుడు అక్కడికి వెళ్ళి ఉన్న నాయన మాత్రం భయపడలేదు. ఒక్క లాగుకే దాన్ని మేల్కొలిపాడు. ఆ సంగతి అక్క నాకు చెప్పినప్పుడు, "నాయన ముఖం చూడాల్సింది నువ్వు, పెండ్లికొడుకు మాదిరి ఉండె" అంది.

ఆ తర్వాతి రెండు రోజులు బావ నోట "కూకోండి" అన్న మాట రాలేదట. తూర్పు వైపు చెట్లన్నీ అయిపోయాయి. అంతలో మిషనుతో పాటు ఇచ్చిన టూ-టీ నూనె సీసా అయిపోయింది. అది పెట్రోలులో కలపవలసిన నూనె. శ్రీనివాసపురం బజారుకు పోయి కొనుక్కొస్తానని బావ అంటే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆ నీళ్ళ మాదిరి నూనె ఏం నూనెప్పా? నా దగ్గర ఉండాది చూడు. నీళ్ళలో, రాతి దుమ్ములో, గంటలు గంటలు దడదడలాడే మిషనును కాపాడిన నూనె. ఈ బుడ్డ మిషనుకు అదే ఎక్కువ."

మరునాడే ఇంటికి వచ్చి, తలుపు వెనక డబ్బా చంకన పెట్టుకొని, అడిగినా ఎందుకో చెప్పకుండా వెళ్ళిపోయాడు. గని మనిషి తప్ప లోకంలో ఇంకెవరూ ఆ పని చేసి ఉండరు.

ఆ మరుసటి పొద్దున మిషను బ్రహ్మాండంగా నడిచిందట. పొగ తోటంతా కమ్మేసింది. మందు లేకుండానే పురుగులు పోయేట్టుంది అని అక్క ఆటపట్టించిందట. మధ్యాహ్నానికి దగ్గింది, సాయంత్రానికి మొరాయించింది, ఆ తర్వాత ఎంత లాగినా పలకలేదు. ప్లగ్గు తీసి చూస్తే తారు పూసినట్టు ఉంది. పడమటి వైపు చెట్లు మొగ్గలతో అలాగే నిలబడి ఉన్నాయి. అన్ని తోటల్లోనూ మందు కొడుతున్న రోజులు కాబట్టి అద్దెకు కూడా మిషను దొరకలేదు. బావ కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన తువ్వాలుతో మంచం దులిపి, "పోనీలే మామా. మీరు కూకోండి" అన్నాడు.

ఆ రాత్రే నాయన ఆ మిషనును గోనెసంచిలో కట్టుకొని, దానితో పాటు తన నూనె డబ్బానూ పట్టుకొని ఇంటికి వచ్చాడు. ఆముదం తాగిన మొహం అంటారే, సరిగ్గా అది. గోనెసంచి వరండాలో దించి, "నేనింగ ఆ ఊరికి పోను" అన్నాడు. భోజనం పెడితే ముద్ద కలిపి వదిలేశాడు.

సంగతంతా విన్న అమ్మ ఊరుకోలేదు. "మంచి ఆముదం పోసుంటే ఇట్ల అయ్యేదా? మా తాత కాలంలో బండి ఇరుసుకు, పిండి మిషనుకు అన్నిటికీ ఆముదమే. నన్నొక మాట అడగాల్సింది" అంది.

నాకు తిక్క రేగింది. ఇంట్లో కెమిస్ట్రీ టీచరును పెట్టుకొని ఒకరు గని నూనె, ఒకరు ఆముదం. "రేపు ఆదివారం. ఇద్దరూ పొద్దున్నే వరండాలోకి రండి, పాఠం ఉంది" అన్నాను. నాయన ముసుగు తన్ని పడుకున్నాడు. అమ్మ మాత్రం, "పాఠమైతే చెప్పు, నా సామాన్లు ముట్టుకోవద్దు" అంది. ఆమెకు నేను బాగా తెలుసు.

పొద్దున్నే రాబర్ట్‌సన్‌పేట పెట్రోలు బంకులో టూ-టీ నూనె, కొంచెం పెట్రోలు తెచ్చాను. వరండా చివర, పొయ్యికి దూరంగా, ఖాళీ మందు సీసాలు వరసగా పెట్టాను. నాయన అటు తిరిగి కూర్చున్నాడు. కాని చెవులు ఇటే ఉన్నాయి.

ముందు మూడు సీసాల్లో పెట్రోలు పోసి, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క నూనె వేసి ఊపాను. టూ-టీ నూనె ఊపకముందే సగం కలిసిపోయింది, నీలి రంగు సమానంగా పరుచుకుంది. గని నూనె తీగలు తీగలుగా సాగి, బతిమాలించుకొని కలిసింది. ఆముదం ఊపినంతసేపు కలిసినట్టే నటించి, ఆ చలిలో కాసేపు పెట్టగానే అడుగున విడి పొరగా కూర్చుంది.

"చూస్తివా అమ్మా, నీ ఆముదం పెట్రోలుతో కాపురం చెయ్యదు" అన్నాను. "పెట్రోలు అంతా కార్బను, హైడ్రోజను గొలుసులు. ఆముదంలో ఆ గొలుసుకు పక్కన ఆక్సిజను, హైడ్రోజను జంట ఒకటి వేలాడుతుంటుంది. అది ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. అందుకే ఇరుసుకు మంచిది. అదే పెట్రోలులోకి పోనివ్వదు."

"ఇనుమును పట్టుకుంటాది కదా మళ్ళ" అంది అమ్మ, తన పక్షానికి పాయింటు వచ్చినట్టు.

తర్వాత ఇంకో సీసాలో నీళ్ళు పోసి గని నూనె వేసి ఊపాను. తెల్లగా పాలలాగా అయింది. అటు తిరిగి ఉన్న నాయన ఇటు తిరిగాడు.

"అది అట్లే అవతాది" అన్నాడు గొంతు సవరించుకొని. "గాలి గొట్టంలో నీళ్ళు వస్తాయి. నూనె నీళ్ళను తనలో కలుపుకోకపోతే, నీళ్ళు నూనెను కడిగేసి పోతాయి. మిషను తుప్పు పడతాది."

"అదే నాయనా. నీళ్ళతో కలవడానికి దాంట్లో ఒక మందు వేశారు. ఎంత దడదడలాడినా ఊడిపోకుండా అంటుకొని ఉండటానికి జిగట మందు వేశారు. లోహం మీద లోహం రాపిడి పడినప్పుడు అరిగిపోకుండా గంధకం ఉన్న కొవ్వు వేశారు. ఇవన్నీ నీ డ్రిల్లుకు వరాలు. ఇప్పుడు నిప్పు మీద ఏమవుతాయో చూడు."

పెట్రోలు సీసాలన్నీ పెరటి గోడ అవతలికి మార్చి, కిరోసిను స్టవ్వు వెలిగించాను. గరిటె కావాలి. అమ్మ తాలింపు గరిటె ఎదురుగా మేకుకు వేలాడుతోంది. అమ్మ నా చూపు ఎటు పోయిందో కనిపెట్టి లేచేలోగా అది నా చేతిలో ఉంది.

"అది నా తాలింపు గరిటె" అంది అమ్మ.

"దీనికంటే మంచి పని ఈ జన్మలో చెయ్యదు అది" అన్నాను.

మొదట టూ-టీ నూనె. పొగ వచ్చింది, మండింది, పోయింది. గరిటెలో కాఫీ మరక లాంటిది మిగిలితే గుడ్డతో తుడిచేశాను. తర్వాత ఆముదం. అది చిక్కబడి చిక్కబడి తేనె రంగు బంకగా మారి, చివరికి వార్నిషు పూసినట్టు గట్టిపడింది. అమ్మ గోటితో గీకి చూసి మాట్లాడకుండా కూర్చుంది. దాన్ని చింతపండు, బూడిద వేసి తోమేసరికి నా చేతులు పడిపోయాయి. ఆఖరున గని నూనె. బుడగలు వచ్చాయి, గంధకం వాసన వచ్చింది, నల్లటి పొగ లేచింది. మంట ఆరాక చూస్తే గరిటె లోపల నల్లటి జిగురు పెచ్చు, దాని మీద బూడిద రంగు పొడి.

నాయన వేలితో ఆ పెచ్చును నొక్కి చూశాడు. మిషను ప్లగ్గు మీద ఉన్నది ఇదేనని ఆయనకు చెప్పవలసిన పని లేకపోయింది.

"అయితే నా నూనె చెడ్డదనా?" అన్నాడు. ఆ గొంతు విని నా కోపమంతా ఎటో పోయింది.

"చెడ్డది కాదు నాయనా. దాన్ని ఉండటానికి చేశారు. దీన్ని పోవడానికి చేశారు."

"పోయేదయితే పని ఎట్ల చేస్తాది?"

ఇన్నేళ్ళు పాఠాలు చెప్పినా ఇంత మంచి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. సుద్దముక్క తీసుకొని వరండా గచ్చు మీద ఇంజను బొమ్మ గీశాను. పెద్ద ఇంజన్లకు నూనె నిలవ ఉండటానికి అడుగున ఒక తొట్టి ఉంటుంది. ఈ చిన్న ఇంజనులో ఆ తొట్టి లేదు. ఆ చోటు గుండానే పెట్రోలు, గాలి లోపలికి పోతాయి. అందుకే నూనె పెట్రోలుతో కలిసి ప్రయాణం చేయాలి. లోపలి వేడికి పెట్రోలు ఆవిరైపోతుంది, నూనె తుంపరలు బేరింగుల మీద, పిస్టను మీద పడి పల్చటి పొరగా నిలుస్తాయి. కాస్సేపే. ఆ తర్వాత అవీ పైకి పోయి, పెట్రోలుతో పాటే మండిపోవాలి. వెనక ఇంకో తుంపర వస్తూనే ఉంటుంది.

"అందుకని ఈ నూనెను ఎట్లా తయారుచేస్తారంటే," అన్నాను, "ముడి నూనె నుంచి తీసిన చిక్కటి భాగం కొంత, అది పొర కట్టడానికి. కిరోసిను లాంటి పల్చటి ద్రవం కొంత, అది పెట్రోలులో తొందరగా కలవడానికి. లోపల మసి పట్టకుండా కడిగే మందు కొంచెం. నాలుగు స్ట్రోకుల ఇంజను నూనెలో ఆ మందుకు కాల్షియం లాంటి లోహం ఉంటుంది. దీంట్లో మాత్రం లోహం ఉండకూడదు. లోహం మండదు కదా, బూడిదై ప్లగ్గు మొనలో ఇరుక్కుంటుంది, అంతటితో నిప్పురవ్వ పుట్టదు. ఇక నీలి రంగు. అది ఏ పనీ చెయ్యదు, పెట్రోలులో నూనె కలిపామో లేదో కంటికి తెలియడానికి."

నాయన బొమ్మలో నూనె పోయే దారి వెంట వేలు నడిపాడు. "చిక్కగా ఉండాల, పల్చగా ఉండాల. పట్టుకోవాల, వదిలేయాల. అగ్గిలో కాపాడాల, అదే అగ్గిలో కాలిపోవాల," అన్నాడు. "దీని పని నా నూనె పని కంటే కష్టంగా ఉండాదే."

ఆ తర్వాత మిషను విప్పాం. పొగ బయటికి పోయే దారి సగం పూడుకుపోయి ఉంది. నాయన వెదురు బద్దతో దాన్ని గీకాడు. పిస్టను చుట్టూ ఉండే రింగు జిగురుకు గాడిలో అతుక్కుపోయింది. కిరోసినులో నానబెట్టినా కదలలేదు. అది పెళుసు, కాస్త గట్టిగా లాగితే విరుగుతుంది. నాయన చేతులు రాళ్ళకు అలవాటుపడినవి, నావి సుద్దముక్కలు విరిచేవి. మేమిద్దరం ముఖాలు చూసుకుంటుంటే అమ్మ మమ్మల్ని పక్కకు నెట్టి కూర్చుంది. లైన్లలో ఆడపిల్లలకు గాజులు తొడిగించాలంటే అందరూ అమ్మ దగ్గరికే వచ్చేవాళ్ళు. బిగుతు గాజు తీసినట్టు, నొక్కుతూ, తిప్పుతూ, ఊరడిస్తూ ఆ రింగును వదులు చేసి చేతిలో పెట్టింది.

"ఆముదం రాస్తే ఇంకా సులువుగా వచ్చుండు" అంది.

అన్నీ బిగించి, కొత్త నూనె కలిపిన పెట్రోలు పోసి తాడు లాగితే, మిషను రెండుసార్లు తుమ్మి బుర్రుమంది. ఇరుగుపొరుగు అందరూ వచ్చేశారు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నాయన మాత్రం మిషను ఆపేసి, గోనెసంచిలో కట్టి, నా ముందు పెట్టాడు.

"నువ్వు తీసుకోని పో. నేను రాను."

"పోయి నేను మందు కొట్టాల్నా?"

"అల్లుడికి నా ముఖం ఎట్ల చూపించేది? మళ్ళ మంచం వేస్తాడు. కూకోండి అంటాడు. ఆ మాట నేను ఇంగ వినలేను."

కొన్నిటికి కెమిస్ట్రీ పనికిరాదు. అమ్మ గరిటె తోముకుంటూ, తల ఎత్తకుండానే అంది.

"గనిలో రాడ్డు ఇరుక్కుంటే ఏమి చేస్తా ఉంటిరి?"

డ్రిల్లు రాడ్డు ఒక్కోసారి రాతి బెజ్జంలో ఇరుక్కుపోతుంది. తీయడం నరకం. కాని గనిలో ఒక కట్టుబాటు ఉంది: రాడ్డు ఇరికించినవాడే తీయాలి. సైరను మోగిందని దాన్ని తర్వాతి షిఫ్టువాడికి వదిలేసి పైకి వచ్చేస్తే, అంతకంటే సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదు. ఎన్నోసార్లు నాయన అన్నం వేళ దాటిపోయాక వచ్చి, "రాడ్డు ఇరుక్కుండె" అని ఒక్క మాట చెప్పి పడుకునేవాడు. అమ్మ ఇంకేమీ అడిగేది కాదు.

నాయన లేచి, షిఫ్టుకు పోయేటప్పుడు కట్టుకునే పాత మఫ్లరు మెడకు చుట్టుకున్నాడు. "మిషను నేను మోస్తాను. నువ్వు నూనె సీసా పట్టుకో" అన్నాడు నాతో.

అప్పటికే పొద్దుపోయిందని ఆగి, మరునాడు బడికి సెలవు పెట్టి ఆయనతో పాటు వెళ్ళాను. పెట్రోలు అంతా వంచేసినా వాసన పోలేదు. కోలారులో బస్సు మారినప్పుడు కండక్టరు గోనెసంచి వాసన చూసి, "ఇదేమప్పా, ఎక్కించేది లేదు" అన్నాడు. నాయన నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "మామిడికి మందు కొట్టే మిషనప్పా, ఖాళీగా ఉండాది. కాయ వస్తే నీకొక బుట్ట" అన్నాడు. కండక్టరుది కూడా మామిడి ఊరేనట. ఇంకేం, తన సీటు కిందే చోటు చూపించాడు.

తోటకు చేరేసరికి పడమటి వైపు చెట్ల మొగ్గలు ఇంకా విచ్చలేదు. బావ మమ్మల్ని చూసి, అలవాటుగా మంచం వైపు నడిచాడు. "కూకోండి మామా" అన్నాడు.

నాయన కూర్చోలేదు. గోనెసంచి దించి, నిలబడే అన్నాడు. "అప్పా, తప్పు నాది. ఆ మిషనుకు పోయరాని నూనె పోసినాను. మా గనిలో రాడ్డు ఇరికించినోడే తీయాల. నన్ను తీయనియ్యి."

బావ మంచం మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. "పెట్రోలు యాడ పెట్టినానో చూసి తెస్తాను" అని లోపలికి పోయాడు. అక్క నా చెయ్యి గిల్లింది.

నాయన సీసాకు గీత పెట్టుకొని, నేను చెప్పిన పాళ్ళలో నూనె కొలిచి, పెట్రోలులో వేసి ఊపి, నీలి రంగును ఎండకు ఎత్తి చూశాడు. బావ మిషను వీపుకు తగిలించుకున్నాడు. పొద్దు గూకేదాకా కొట్టారు. పని ముగిశాక బావ మిషను ఆపబోతే నాయన ఆపనివ్వలేదు. పెట్రోలు వచ్చే కుళాయి మూసి, లోపల ఉన్నదంతా తాగి అదే ఆగిపోయేదాకా నడిపించాడు. "లోపల మిగిలితే పెట్రోలు ఎగిరిపోతాది, నూనె బంక కడతాది. మేము కూడా షిఫ్టు దిగేటప్పుడు గొట్టం ఊది గాని మిషను అప్పజెప్పేవాళ్ళం కాదు" అన్నాడు. ఆ సలహా నేను ఇచ్చింది కాదు. కాని నా పాఠమూ ఆయన అలవాటూ ఎక్కడో కలుసుకున్నాయని నాకు భలే సంతోషం వేసింది.

పడమటి వైపు దక్కింది. ఆ ఏడు తోతాపురి కాయ బాగా నిలిచింది. కండక్టరుకు బుట్ట కూడా చేరింది. మా ఇంట్లో మాత్రం చాలా రోజులు అమ్మ కాచే చింతపండు సారులో తాలింపు వేస్తే గని వాసన వచ్చేది. నాయన రెండోసారి పోయించుకొని మరీ తాగేవాడు.

మళ్ళీ మొగ్గ తొడిగే కాలానికి మార్కెట్లో పొగ రాని టూ-టీ నూనె వచ్చింది. దాంట్లో చిక్కటి ముడి నూనె భాగానికి బదులు పాలీఐసోబ్యుటిలీన్ అనే గొలుసు పదార్థం వేస్తారని నాయనకు చెప్పాను. వేడి తగలగానే ఆ గొలుసు ముక్కలు ముక్కలుగా విడిపోయి, మసి లేకుండా మండిపోతుంది. "ఇంకో సంగతి నాయనా. గని నూనెలో జిగట కోసం వేసే మందు కూడా చాలావరకు ఇదే. గొలుసు మరీ పొడవుగా చేస్తే అంటుకుపోతుంది. పొట్టిగా చేస్తే పని చేసి పోతుంది."

నాయన ఈ ముక్కను దాచుకున్నాడు. శ్రీనివాసపురం చుట్టుపక్కల తోటలవాళ్ళు నూనె కలపడం నేర్చుకోవడానికి బావ తోటకు వస్తే, "రెండూ అన్నదమ్ములే అప్పా, ఒకడు గనికి పోయినాడు, ఒకడు తోటకు వచ్చినాడు" అని మొదలుపెట్టేవాడు. మసి కడిగే మందును సబ్బు అనేవాడు. నీలి రంగు పురుగులను భయపెట్టడానికి అని ఒకరితో చెప్పడం ఒక రోజు నేను విన్నాను. సరిదిద్దబోయి, ఆయన సంబరం చూసి ఊరుకున్నాను. నా జీవితంలో ఒక తప్పు జవాబును దిద్దకుండా వదిలేయడం అదే మొదలు.

ఆ రోజు మధ్యాహ్నం తోటలోనే అందరం భోజనం చేశాక, బావ మళ్ళీ మందు కొట్టడానికి పోయాడు. నాయన తనంతట తానే మంచం వాల్చుకొని కూర్చున్నాడు. అమ్మ ఆయనకు వక్కాకు అందిస్తోంది. తోట చివర మిషను చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. బావ దాన్ని వీపున వేసుకొని, చెమటలు కక్కుతూ, అక్కడి నుంచే కేకేశాడు.

"ఏం మామా, కూకున్నారా? లెయ్యండి, లెయ్యండి. ఇది మీ చెయ్యి తగలనిదే పలికేట్టు లేదు."

నాయన మెల్లగా లేచి మఫ్లరు సర్దుకున్నాడు. "చూస్తివా, ఈ వయసులో ఒక్క నిమిషం కూకోనియ్యరు" అని అమ్మ మీద విసుక్కున్నాడు. గని వాళ్ళు దండ వేసి పంపిన రోజున కూడా ఆయన ముఖంలో నేను అంత వెలుగు చూడలేదు. వక్కాకు అమ్మ చేతిలోనే ఉండిపోయింది.